అద్దె బ్రేకర్‌తో ఒక పూట పనిచేస్తే రాత్రి వేళ్ళకు స్పర్శ లేదు. ఇది మామూలేనా?

సీతమ్మధార_సొంతిల్లు
మాది సీతమ్మధారలో పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. బాత్‌రూము నేల నుంచి కింది ఫ్లాటు శ్లాబులోకి నీరు దిగుతోంది. టైల్సు, వాటి కింద నింపిన ఇటుక ముక్కలు అన్నీ తీసి మళ్ళీ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. మేస్త్రీ వచ్చే వారం వరకు రానన్నాడు. పగలగొట్టే పని వరకు నేనే చేసుకుందామని నిన్న కరెంటుతో నడిచే బ్రేకర్ (ఉలితో కాంక్రీటు పగలగొట్టే మిషను) అద్దెకు తెచ్చాను. 11 కిలోల బరువు, 1,500 వాట్లు. రోజు అద్దె కాబట్టి సాయంత్రంలోగా తిరిగి ఇచ్చేయాలని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా దాదాపు ఆపకుండా కొట్టాను.

రాత్రి అన్నం కలుపుతుంటే కుడిచేతి చూపుడువేలికి, మధ్యవేలికి పప్పు వేడి తెలియలేదు. వేళ్ళు నావి కానట్టు ఉన్నాయి. తెల్లవారేసరికి చాలావరకు తగ్గింది. ఇంకొక సంగతి, పని మధ్యలో రెండుసార్లు హ్యాండిల్ దగ్గర సన్నగా జివ్వుమంది. చెమట వల్ల అనుకున్నాను.

పని సగమే అయింది. రేపు మళ్ళీ తేవాలి. దుకాణంలో "గట్టిగా నొక్కి పట్టండి, అంతే" అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. వాడిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కొత్త_గుత్తేదారు
మొదటిసారి అందరికీ అలాగే ఉంటుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది. మా పనివాళ్ళు రోజంతా కొడతారు.

మీటర్‌బోర్డు
వేళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ఆ జివ్వుమన్నది ముందు తేలాలి. ప్లగ్గు ఎక్కడ పెట్టారు? మధ్యలో ఎక్స్‌టెన్షన్ ఉందా? ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచేసే స్విచ్చి) ఉందా? వైరు ఎక్కడైనా అతుకు వేసి ఉందా? జవాబు చెప్పేదాకా ఆ మిషను ముట్టుకోకండి.

తాపీ_ముప్పైఏళ్ళు
నొక్కి పట్టమని చెప్పినవాడు బ్రేకర్‌తో ఎప్పుడూ పని చేసి ఉండడు. దాని బరువే దాని బలం. మనం చేయవలసింది అది పక్కకు జారకుండా పట్టుకోవడం, ఉలి మొన ఎక్కడ దిగాలో చూపించడం. అంతకు మించి నొక్కితే దెబ్బ కాంక్రీటులోకి పోదు, తిరిగి మోచేతిలోకి వస్తుంది. కొన్ని మిషన్లకు హ్యాండిల్ లోపల స్ప్రింగులు ఉంటాయి. ఒళ్ళంతా వేసి నొక్కితే ఆ స్ప్రింగు పూర్తిగా కుదించుకుపోయి, ఉన్నా లేనట్టే అవుతుంది.

బిగించి పట్టుకోవడం కూడా తప్పే. రెండు చేతులూ ఉండాలి, పక్క హ్యాండిల్ తప్పకుండా ఉండాలి, కానీ పిడికిలి బిగుసుకోకూడదు. పసిపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినట్టు పట్టుకోవాలి బాబూ, వదలకూడదు, నలపకూడదు.

సీతమ్మధార_సొంతిల్లు
@మీటర్‌బోర్డు గారు, గీజరు కోసం ఉన్న పెద్ద సాకెట్టు బాత్‌రూములోనే ఉంది కాబట్టి వద్దనుకుని పడకగది సాకెట్టు నుంచి తీసుకున్నాను. చుట్ట ఉన్న ఎక్స్‌టెన్షన్, సగం వైరు చుట్టలోనే ఉండిపోయింది. ఆర్‌సీసీబీ లేదు, ఫ్యూజు బదులు ఉండే మామూలు ఎంసీబీలే. మీరు అడిగాక వెళ్ళి ఫోనులో ఫొటోలు చూశాను. మిషనులోకి వైరు దూరే చోట నల్ల టేపు చుట్టి ఉంది. నిన్న గమనించలేదు.

మీటర్‌బోర్డు
ఆ నల్ల టేపే మీకు జివ్వుమనిపించింది. మెడ దగ్గర వైరు రోజూ వంగుతూ నలుగుతుంది. లోపలి పోగులు తెగితే దుకాణంవాళ్ళు టేపు చుట్టి మళ్ళీ అద్దెకు ఇచ్చేస్తారు. చెమట పట్టిన చేయి, తడి నేల, పైగా మన విశాఖ ఉక్కపోత. మీ అదృష్టం బాగుండి జివ్వుమనడంతో సరిపోయింది.

ఎంసీబీ ఉంది కదా అని ధైర్యపడకండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16 ఆంపియర్లు దాటాలి. మనిషి గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు చాలు. ఆర్‌సీసీబీ పనే వేరు. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో తెంచేస్తుంది. ఇంటి బోర్డులో పెట్టించడానికి సమయం లేకపోతే, ఆర్‌సీసీబీ అమర్చిన ఎక్స్‌టెన్షన్ పెట్టె చేయించుకోండి. దాని మీద పరీక్ష బొత్తాము ఉంటుంది, పని మొదలుపెట్టే ముందు రోజూ ఒకసారి నొక్కి చూడండి.

చుట్ట సంగతి: 1,500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. గంటల తరబడి ఆ కరెంటు చుట్టలోని వైరులో నడిస్తే వేడి బయటికి పోయే దారి ఉండదు, లోపల ప్లాస్టిక్ తొడుగు కరిగి అతుక్కుపోతుంది. వైరు మొత్తం విప్పి పరచండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల కంటే సన్నది వద్దు. దూరం ఎక్కువైతే 2.5 తీసుకోండి.

కొత్త_గుత్తేదారు
మిషను పేరు పలక మీద చదరంలో చదరం గుర్తు ఉంటే డబుల్ ఇన్సులేషన్ అంటారు కదా. అలాంటివాటికి ఎర్తు కూడా అక్కరలేదు. మరి షాకు ఎందుకు కొడుతుంది?

మీటర్‌బోర్డు
కొత్త మిషనుకు మీ మాట నిజం. ఎర్తు పిన్ను లేకపోవడం అక్కడ లోపం కాదు. కానీ తొడుగు చిట్లినా, లోపల కార్బన్ బ్రష్షుల పొడి, సిమెంటు దుమ్ము, తేమ కలిసి పేరుకున్నా రెండు పొరల రక్షణ ఎక్కడుంటుంది? మెడ దగ్గర టేపు వేసిన చోట ఒక్క పొర కూడా లేదు.

కింది_వాటా
ఇంట్లో పని చేసుకునేవారికి చిన్న మనవి. పోయిన ఏడాది మా పై ఫ్లాటువారు చెప్పకుండా బ్రేకర్ పెట్టారు. మా వంటగది పైకప్పు ప్లాస్టరింగు పెళ్ళ ఊడి పొయ్యి పక్కన పడింది. నేను అప్పుడే పాలు దించి పక్కకు జరిగాను. అరచేతి అంత మందం, పళ్ళెం అంత వెడల్పు. పాలగిన్నె నిండా సిమెంటు.

కింద ఉన్నవాళ్ళకు ముందు రోజే చెప్పండి. మీరు కొడుతున్న చోటికి సరిగ్గా కింద ఉన్న గది ఖాళీ చేయమనండి. మా మామగారు మధ్యాహ్నం నిద్రపోయే వేళ అని అడిగితే ఆ రెండు గంటలు ఆపారు, ఆ మర్యాద ఈనాటికీ చెప్పుకుంటారు.

పిల్లర్_లెక్క
కింది_వాటా గారు చెప్పినదే నేనూ చెప్పబోతున్నాను. సీతమ్మధార గారు, బాత్‌రూము పనికి 11 కిలోల మిషను ఎవరు ఇచ్చారు? అది పునాది దిమ్మలు, రోడ్డు మీది కాంక్రీటు పగలగొట్టడానికి. మీ బాత్‌రూము కింద ఉన్నది దింపి వేసిన శ్లాబు, నాలుగైదు అంగుళాల మందం. ఇటుక ముక్కల పొర అయిపోయిందని మీకు తెలిసేలోపు ఆ ఉలి శ్లాబులో దిగుతుంది. రంధ్రం పడకపోయినా పగులు వస్తుంది. నీరు ఆపడానికి మొదలుపెట్టిన పని నీటికి కొత్త దారి చేసి పెడుతుంది.

అయిదు కిలోల తరగతి మిషను తీసుకోండి. టైల్సుకు వెడల్పు ఉలి, దానిని నిలువుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని టైలు కిందికి తోయండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఖాళీ అయిన అంచు వైపు రాలేలా రెండు మూడు అంగుళాల చొప్పున తీయండి. నడిమధ్యలో మొన దించి ఒకేసారి పెద్ద పెళ్ళ లేపాలని చూస్తేనే ఉలి ఇరుక్కుంటుంది. శ్లాబు దగ్గర పడ్డాక మిషను పక్కన పెట్టి చేతి ఉలి, సుత్తి.

మధురవాడ_కొండరాయి
ఉలి ఇరుక్కోవడం అంటే గుర్తొచ్చింది. మా స్థలంలో సెప్టిక్ ట్యాంకు గొయ్యి తవ్వుతున్నప్పుడు రాయి తగిలింది. మన విశాఖ కొండలు చాలావరకు ఖొండలైటు రాయే కదా, పైన మెత్తబడి గడ్డపారకే ఊడి వస్తుంది, కిందికి పోయేకొద్దీ ఒక్కసారిగా గట్టిపడుతుంది. పైపొర సులువుగా వచ్చిందన్న ధీమాతో పెద్ద బ్రేకర్ నిలువుగా దించాను. ఉలి జానెడు లోపలికి పోయి బిగుసుకుంది. మిషనును అటూ ఇటూ ఊపి పీకబోయాను. ఒక్కసారి ఊడి వచ్చి నా మణికట్టు మెలిపడింది. మూడు వారాలు కట్టు.

తర్వాత ఒక పెద్దాయన చూపించాడు. ఇరుక్కుంటే ప్లగ్గు తీసేయాలి, మిషనును ఉలి నుంచి విడదీసి పక్కన పెట్టాలి, ఇంకో ఉలితో చుట్టూ రాయి వదులు చేసి దానిని తీయాలి. అందుకే ఎప్పుడూ రెండు ఉలులు అద్దెకు తెచ్చుకోండి.

తాపీ_ముప్పైఏళ్ళు
తీసిన ఉలిని వెంటనే చేత్తో పట్టుకోకండి. మొన నిప్పులా కాలి ఉంటుంది. ఉలి మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. కొన్ని మిషన్లకు స్విచ్చి నొక్కి వదిలినా నడుస్తూనే ఉండేలా లాకు ఉంటుంది. అది పడి ఉందని మరిచిపోయి ప్లగ్గు పెడితే మిషను నేల మీద గంతులేస్తుంది. ఉలి బిగించాక ఒకసారి గట్టిగా లాగి చూడండి, లాకులో కూర్చోకపోతే తూటాలా బయటికి వస్తుంది.

ఫిజియో_మద్దిలపాలెం
మొదటి ప్రశ్నకు వస్తాను. కొత్త_గుత్తేదారు గారు "అలవాటవుతుంది" అన్నారు. అలవాటు కాదు, నరం దెబ్బతింటూ పోవడం అది. మొదట్లో పని తర్వాత తిమ్మిరి, గంటల్లో తగ్గుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గే సమయం పెరుగుతుంది, వేళ్ళ చివర్లు తెల్లబడతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. ఆ దశ దాటితే వెనక్కి రావడం ఉండదు.

ఐరోపా దేశాలు 2002లో దీనికి ఒక లెక్క పెట్టాయి. మిషను వివరాల పుస్తకంలో కంపనం విలువ m/s² లెక్కలో ఉంటుంది. ఎనిమిది గంటల సగటు 2.5 దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. మీ మిషను కంపనం 10 అనుకోండి. అరగంటలో మొదటి గీతకు చేరతారు, రెండు గంటల్లో రెండో గీతకు. ట్రిగ్గరు నొక్కి ఉన్న సమయం మాత్రమే లెక్క. మీరు దాదాపు నాలుగు గంటలు కొట్టారు.

పది నిమిషాలు కొట్టి, అంతసేపు ముక్కలు ఎత్తండి. తిమ్మిరి మొదలైతే ఆ రోజుకు అంతే. రెండు రోజులైనా స్పర్శ రాకపోతే డాక్టరును కలవండి.

సీతమ్మధార_సొంతిల్లు
ఈ లెక్క నిన్న తెలిసి ఉంటే బాగుండేది. కంపనం తగ్గించే చేతి తొడుగులు దొరుకుతాయట కదా, అవి వేసుకుంటే ఎక్కువసేపు చేయవచ్చా?

ఫిజియో_మద్దిలపాలెం
వాటిని నమ్ముకుని సమయం పెంచకండి. బ్రేకర్ నిమిషానికి 2,000 దెబ్బలు కొడుతుందనుకుంటే సెకనుకు 33. అంత నెమ్మదైన, బలమైన కుదుపును ఆ మెత్తలు పెద్దగా ఆపలేవు. వేగంగా తిరిగే గ్రైండరు లాంటివాటికి కొంత పనికొస్తాయి. గీరుకుపోకుండా తోలు తొడుగులు వేసుకోండి, చాలు.

కొత్త_గుత్తేదారు
సరే, తిమ్మిరి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దుమ్ముకు మాత్రం మా దగ్గర సులువైన మార్గం ఉంది. బకెట్టు నీళ్ళు పోసి కొడతాం. దుమ్మే లేవదు.

మీటర్‌బోర్డు
నిలిచిన నీటిలో నిలబడి కరెంటు మిషను పట్టుకుంటారా? దయచేసి ఆ మాట ఇక్కడ చదివి ఎవరూ చేయకండి.

తాపీ_ముప్పైఏళ్ళు
ఇద్దరిదీ సగం నిజం. తడపాలి, కానీ మిషను ప్లగ్గు తీసి ఉన్నప్పుడు. మొక్కలకు కొట్టే పిచికారీ డబ్బాతో పైన చెమ్మ తగిలేలా చల్లాలి. నీరు నిలిస్తే బట్టతో పీల్చేయాలి. చెమ్మ ఆరిపోతే మళ్ళీ ఆపి, ప్లగ్గు తీసి చల్లాలి. కిటికీ తెరిచి, ఎగ్జాస్టు ఫ్యాను వేసి ఉంచాలి. అయినా దుమ్ము లేస్తుంది, మాస్కు తప్పదు.

అనకాపల్లి_బెల్లం
దుమ్ము గురించి నేను ఒక మాట చెప్పాలి. కొంచెం పొడుగు అవుతుంది.

మా నాన్న ఒక రాళ్ళ క్రషరులో పద్దెనిమిదేళ్ళు పనిచేశారు. ముఖానికి తడి తువ్వాలు కట్టుకునేవారు. సాయంత్రం ఇంటికొచ్చి నూతి దగ్గర ఆ తువ్వాలు పిండితే తెల్లటి నీళ్ళు కారేవి. ఆ నీళ్ళు చూసి మేమందరం దుమ్మంతా తువ్వాలే పట్టేసిందని సంతోషపడేవాళ్ళం. తువ్వాలు పట్టింది కంటికి కనిపించే దుమ్మును. ఊపిరితిత్తుల అడుగుకు పోయేది కంటికి కనిపించదు.

యాభై రెండో ఏట దగ్గు మొదలైంది. మొదట క్షయ అన్నారు, మందులు వాడారు. చాలా రోజులకు ఎక్స్‌రే చూసి ఇంకో డాక్టరుగారు ఏం పని చేసేవారని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సిలికోసిస్, అంటే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు. దానికి మందు లేదు. క్షయ కూడా తోడవుతుంది, ఈ జబ్బు ఉన్నవాళ్ళకు అది సులువుగా వస్తుంది. చివరి ఏడాది మా ఇంటి ముందున్న మూడు మెట్లు ఎక్కడానికి మధ్య మెట్టు మీద కూర్చునేవారు. ఇప్పటికీ ఆ మెట్టు మీద కాలు పెట్టను, దాటి వెళ్తాను.

కాంక్రీటు, ఇసుక, ఇటుక, టైలు, కొండరాయి, అన్నిటిలోనూ ఆ సిలికా ఉంది. 2016లో అమెరికా పెట్టుకున్న నిబంధన ప్రకారం గాలిలో ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదు. తలుపు వేసిన బాత్‌రూములో బ్రేకర్ పెడితే ఏమవుతుందో ఆలోచించండి. రెండు రోజుల పనికి మా నాన్న జబ్బు రాదు, నిజమే. కానీ మీ ఇంట్లో రెండు రోజులు కొట్టిన పనివాడు మూడో రోజు ఇంకొకరి ఇంట్లో కొడతాడు. ఎన్95 గాని ఎఫ్‌ఎఫ్‌పీ2 గాని పెట్టుకోండి, పనికి వచ్చినవాళ్ళకు కూడా మీరే కొనివ్వండి. ముక్కు మీది తీగ వంచి, చెంపల దగ్గర గాలి కారకుండా చూసుకోవాలి. గుబురు గడ్డం ఉంటే మాస్కు అతకదు.

కింది_వాటా
అనకాపల్లి గారు, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

కొత్త_గుత్తేదారు
అనకాపల్లి అన్నా, నేను మాస్కులు కొని ఇస్తాను. పది నిమిషాల్లో తీసి జేబులో పెట్టుకుంటారు. మే నెలలో ఊపిరాడదంటారు, వాళ్ళ మాటలోనూ నిజం ఉంది. ఇంకో సంగతి. ఇంటి యజమాని పనికి ఇంత అని బేరమాడతాడు, మిషను అద్దె రోజుకు ఇంత. ఒక్క రోజులో ముగిస్తేనే నాకు రూపాయి మిగులుతుంది. పది నిమిషాలకోసారి ఆగండని వాళ్ళకు చెప్పే ధైర్యం నాకు ఎక్కడిది?

తాపీ_ముప్పైఏళ్ళు
ఇన్ని పోస్టుల్లో అసలు విషయం ఇది. నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటికి కారణం సాయంత్రం ఆరు గంటలకు మిషను తిరిగి ఇవ్వాలనే తొందర. 2014 హుద్‌హుద్ తర్వాత ఊరంతా కూలిన పిట్టగోడలు, పగిలిన సన్‌షేడులు. మిషన్లు తక్కువ, పనులు ఎక్కువ. నా తోటి తాపీ ఒకడు చీకటి పడుతున్నా ఇంకొక్క సన్‌షేడు ఉందని నిచ్చెన మీద నిలబడి, మిషను భుజం కంటే పైకి ఎత్తి కొట్టాడు. పెళ్ళ ఊడింది, మిషను బరువుకు వెనక్కి పడ్డాడు. నడుము విరిగింది. నిచ్చెన మీద బ్రేకర్ పట్టకూడదని వాడికి తెలియక కాదు.

గుత్తేదారు బాబూ, ఇద్దరిని పెట్టి చేతులు మార్పించు. ఒకడు కొడుతుంటే ఒకడు ఎత్తుతాడు. పని ఆగదు, మాస్కు కూడా తీసి గాలి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది, గది బయటికి వచ్చాకే తీయమని చెప్పు. ఇంటి యజమానులు రెండు రోజుల అద్దె ఇస్తామని ముందే ఒప్పుకోవాలి.

కొత్త_గుత్తేదారు
చేతులు మార్పించడం రేపటి నుంచే మొదలుపెడతాను. వచ్చే కొటేషనులో రెండు రోజుల అద్దె రాస్తాను, ఒప్పుకోకపోతే ఈ చర్చ చూపిస్తాను.

గాజువాక_యంత్రం
ఆలస్యంగా చూశాను. చెవుల గురించి ఎవరూ రాయలేదు. మూసిన గదిలో బ్రేకర్ శబ్దం 100 డెసిబెళ్ళు ఉంటుందనుకోండి. 85 డెసిబెళ్ళు ఎనిమిది గంటలు భరించవచ్చు, ప్రతి 3 డెసిబెళ్ళకూ సమయం సగమవుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ఇదే. ఆ ప్రకారం 100 దగ్గర పదిహేను నిమిషాలే. చెవిలో పెట్టుకునే నురుగు బిరడాలు ఔషధ దుకాణాల్లోనూ దొరుకుతాయి. ముక్కు ముందున్న మిషనుకు మాస్కు గుర్తొస్తుంది గానీ చెవి గుర్తురాదు.

కళ్ళకు పక్కలు మూసి ఉండే అద్దాలు. కాళ్ళకు వేళ్ళ దగ్గర ఇనుప తొడుగు ఉన్న బూట్లు, ఐఎస్ 15298 అని ముద్ర చూసి కొనండి. హవాయి చెప్పులతో బ్రేకర్ పట్టేవాళ్ళను మా ఇండస్ట్రియల్ ఎస్టేటులో రోజూ చూస్తాను.

సీతమ్మధార_సొంతిల్లు
బాత్‌రూము తలుపు కొంచెం వెడల్పు చేద్దామని పక్క గోడ కూడా ఒక అడుగు కొట్టాలనుకున్నాను. అమ్మ చక్రాల కుర్చీ పట్టడం లేదు. మంచిదేనా?

పిల్లర్_లెక్క
గోడ నాలుగున్నర అంగుళాలదై, పైన బీము విడిగా ఉంటే సాధారణంగా అది అడ్డుగోడే. తొమ్మిది అంగుళాలదైతే, అందులోనూ పాత కట్టడంలో, పై అంతస్తు బరువు దాని మీదే ఉండవచ్చు. చూడకుండా చెప్పలేను. ఏ గోడైనా తలుపు పైనున్న లింటెల్ రెండు వైపులా గోడ మీద ఆని ఉంటుంది. మీరు ఒక అడుగు తీస్తే అది ఆనే చోటే పోతుంది. ఇంజనీరును ఒక్కసారి పిలిపించండి. పిల్లరును, బీమును మాత్రం పైపు కోసమైనా సరే అంగుళం కూడా చెక్కనివ్వకండి.

మీటర్‌బోర్డు
గోడ కొట్టే ముందు స్విచ్చి బోర్డు నుంచి నిలువుగా, అడ్డంగా గీత గీసి చూడండి, వైర్లు దాదాపు ఆ దారిలోనే పోతాయి. ఆ గదుల ఎంసీబీ దించి, మిషనుకు వేరే గది నుంచి కరెంటు తీసుకోండి.

సీతమ్మధార_సొంతిల్లు
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. దుకాణానికి వెళ్ళి పాత మిషను మీది టేపు చూపిస్తే దుకాణదారు వేరేది ఇస్తానన్నాడు. అయిదు కిలోలది, వైరు నిండుగా ఉన్నది, రెండు ఉలులు తీసుకున్నాను. మూడు రోజుల అద్దె ముందే కట్టాను. రోజుకు నలభై నిమిషాలకు మించి ట్రిగ్గరు నొక్కలేదు, ఫోనులో గడియారం పెట్టుకున్నాను. కిందివాళ్ళు ఆ గదికి తాళం వేసి ఇచ్చారు. గోడ ముట్టుకోలేదు. వేళ్ళకు తిమ్మిరి రాలేదు, రాత్రి పప్పు వేడి బాగానే తెలిసింది.

లీకు దొరికింది. కమోడు పైపు అతుకు పగిలి ఉంది. కానీ మూలలో ఒకచోట ఉలి శబ్దం మారింది. అంతవరకు టక టక అన్నది డొల్లగా మోగింది. మిషను ఆపి చేత్తో తడిమితే శ్లాబు పై పొర పెచ్చులా లేచింది, కింద చువ్వ ఎర్రగా తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉంది.

పిల్లర్_లెక్క
ఆపి మంచి పని చేశారు. ఇక అక్కడ మిషను పెట్టకండి. ఏళ్ళ తరబడి నీరు దిగింది, మనది సముద్రపు ఉప్పుగాలి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకు రెండు రెట్లకు పైగా చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటు లోపలి నుంచి పగిలి లేచింది. చువ్వ మందం ఎంత మిగిలిందో కొలవాలి, కింది నుంచి కూడా ఆ మూల చూడాలి. అప్పటిదాకా కిందివాళ్ళు ఆ గది వాడకూడదు. రెండు వైపుల ఫొటోలు పెట్టండి.

తాపీ_ముప్పైఏళ్ళు
తీసిన ముక్కలు బాత్‌రూములోనే కుప్ప పోయకండి, ఆ శ్లాబు మీద బరువు వద్దు. గోనె సంచుల్లో సగం సగం నింపి దించండి. వీధి చివర గెడ్డలో (వాన నీటి కాలువలో) వేయించకండి, వాన పడితే నీరంతా ఇళ్ళలోకి వస్తుంది.

సీతమ్మధార_సొంతిల్లు
ముప్పై రెండు సంచులు అయ్యాయి, కింద పార్కింగులో ఉన్నాయి, రేపు బండి వస్తుంది. మిషను ఇచ్చేశాను. కిందివాళ్ళకు ఇప్పుడే చెప్పి వచ్చాను, ఆ గది తాళం వాళ్ళే మళ్ళీ నా చేతికి ఇచ్చారు. పొద్దున్న వెలుతురులో రెండు వైపులా ఫొటోలు తీసి పెడతాను.